గుంటలమ్మ చింతగింజల ప్రసాదం

తంగెడుదిన్నెలో బస్సు దిగి పడమటికి చూస్తే ఊరి వెనక నల్లని గుట్ట ఒకటి కనిపిస్తుంది. అదే గుంటలమ్మ గుట్ట. పైన గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. దారిలో కొబ్బరికాయల అంగళ్ళు కూడా ఉండవు, ఎందుకంటే ఈ అమ్మకు కాయ కొట్టరు. మెట్లు కొన్నిచోట్ల చెక్కినవి, కొన్నిచోట్ల జనం నడిచి నడిచి అరగదీసినవి. మోకాళ్ళ నొప్పులున్నవారు కూడా ఒకటి రెండుచోట్ల ఆగి నిదానంగా ఎక్కవచ్చు. పైకి వెళ్ళాక పెద్ద రాతిచరియ ముందుకు వంగి నీడ పడుతూ ఉంటుంది. ఆ చరియే గుడి.

అమ్మవారు మోకాలెత్తు శిల. తలమీదుగా నల్లకంబళి కప్పి ఉంటుంది. చేతుల్లో శూలం లేదు, కత్తి లేదు. ఎడమచేయి నేలకు ఆనించి, కుడిచేతి పిడికిలి ముందుకు చాచి, తన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నట్టు కూర్చుని ఉంటుంది. ఆమె ఎదుట నున్నని బండ. బండమీద వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల గుంటలు. అవి వామనగుంటలు. మన అమ్మమ్మలూ నాయనమ్మలూ మధ్యాహ్నాలు పీటల చుట్టూ చేరి ఆడిన ఆటే.

మొదటిసారి వచ్చినవారికి ఇక్కడ రెండు సంగతులు వింతగా ఉంటాయి. అర్చకురాలు కుంకుమ కంటే ముందు దోసిట్లో చింతగింజలు పోసి, "కూర్చో తల్లీ, ఆడు" అంటుంది. అది ఒకటి. ఉపవాసం ఉండి వచ్చినవారిని చరియ కిందికి రానివ్వరు. అది రెండవది. పక్కనున్న పొయ్యి దగ్గర ఏదో ఒకటి తిని, నీళ్ళు తాగి రమ్మంటారు. "అమ్మ కోసం నిన్నటినుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు" అని చెప్పుకొనేవారికి ఇక్కడ మెప్పు దొరకదు, చీవాట్లు దొరుకుతాయి. ఈ ఆచారాలు ఎలా వచ్చాయో తెలియాలంటే నింగక్క సంగతి తెలియాలి.

పూర్వం ఇక్కడ, ఈ గుట్ట కింద, కంబళ్ళు నేసే కురుబల పల్లె ఉండేది. గొర్రెల ఉన్ని వడకడం ఆడవారి పని, నేయడం మగవారి పని. మగ్గానికి ఎక్కించే పడుగుకు గంజి పట్టాలి. ఆ గంజి బియ్యంతో చేసేది కాదు, చింతగింజలతో చేసేది. గింజలు వేయించి, పొట్టు రాల్చి, నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే జిగురు వస్తుంది. ఆ జిగురు పట్టిన కంబళే నాలుగు వానలకు నిలుస్తుంది. అందుకని చింతపండు కొట్టే రోజుల్లో ఊరివారు గింజలను రెండు వాటాలు వేసేవారు. ఇంటి వాటా వేయించుకొని నమలడానికి, ఆడుకోవడానికి. మగ్గం వాటా ఊరుమ్మడి కొట్టంలో బానల్లో పోసి మూత పెట్టడానికి. మగ్గం గింజ నోట పెట్టుకోకూడదు. పెట్టుకుంటే మగ్గం అలుగుతుందని, నేసిన కంబళి నేసినట్టే చీకిపోతుందని వారి నమ్మకం. ఇంట్లో పిల్ల ఆకలికి ఏడ్చినా ఆ బానలో ఎవరూ చేయి పెట్టేవారు కాదు.

నింగక్క ఆ పల్లెలోనే పుట్టి, ఆ పల్లెలోనే మెట్టి, అక్కడే మగడిని పోగొట్టుకొన్న మనిషి. ఒక్కడే కొడుకు, ఓబన్న. ఉన్నవి ఒక మగ్గం, కాసిని గొర్రెలు. ఆమెకు జీవితంలో ఇష్టమైనవి రెండే రెండు. వేయించిన చింతగింజ బుగ్గన పెట్టుకొని వడకడం ఒకటి. సాయంత్రం పని ముగిశాక గుట్టెక్కి, నలుగురు ఆడవాళ్ళతో కలిసి వామనగుంటలు ఆడటం రెండవది. అప్పటికి అమ్మవారికి వేరే పేరు లేదు, గుట్టమ్మ అనేవారు. గుట్టమ్మ ముందు మట్టినేలలో గుంటలు తీసుకొని, ఆమె చూస్తుండగా ఆడేవారు. నింగక్క ఓడితే తాను ఊరుకునేది కాదు, గెలిస్తే ఎదుటివారిని ఊరుకోనిచ్చేది కాదు.

ఆట తెలియనివారి కోసం ఒక మాట. ఇద్దరికి చెరి ఏడు గుంటలు. గుంటకు ఇన్నేసి గింజలు. తన గుంటలోవి తీసి ఒక్కో గుంటలో ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తరువాతి గుంటలోవి తీసి మళ్ళీ వేయాలి. తీయబోయిన గుంట ఖాళీగా ఉంటే ఆ ఖాళీ గుంటను వేళ్ళతో తుడిచి, దాని అవతలి గుంటలో ఎన్ని ఉంటే అన్నీ గెలుచుకోవాలి. ఒక ఆట ముగిశాక, గింజలు తగ్గినవారు ఉన్నవాటితో ఎన్ని గుంటలు నిండితే అన్నే నింపుకొని, మిగతావాటిమీద పుల్ల పెట్టి, తరువాతి ఆట ఆ కాసిని గుంటలతోనే ఆడాలి. రెండు గుంటలే మిగిలినా, ఒకటే మిగిలినా లేచిపోకూడదు. నింగక్క ఒక్క గుంటతో కూర్చుని మళ్ళీ ఏడూ నింపుకొన్న రోజులున్నాయి. ఆ రోజుల గురించి ఆమె ఊరందరికీ పదేపదే చెప్పేది.

ఓబన్నకు పెళ్ళయి కోడలు దురగమ్మ ఇంటికి వచ్చిన ఏడు వాన పడలేదు. మరుసటి ఏడు మబ్బు పట్టి, ఊరించి, వెళ్ళిపోయింది. మూడవ ఏడు మబ్బు కూడా పట్టలేదు. చింతచెట్లు కాయలు కాయలేదు. బీళ్ళు ఎండి, గొర్రెలకు మేత లేక, మగవాళ్ళు మందలను తోలుకొని తుంగభద్ర వైపు వెళ్ళిపోయారు. ఓబన్న కూడా వెళ్ళాడు. వెళ్ళేముందు భార్య గురించి తల్లితో, "అమ్మా, అది నోరు తెరిచి అడిగే రకం కాదు. నువ్వే చూసుకోవాల" అన్నాడు. పల్లెలో మిగిలింది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, వడకడానికి ఉన్ని లేని కదుళ్ళు. మగ్గాలు ఖాళీ. మగ్గం వాటా గింజలు మాత్రం కొట్టంలో బానల నిండా అలాగే ఉన్నాయి.

అప్పుడు గుట్టమ్మకు పూజ చేసే చౌడప్ప గౌడ ఊరిని పిలిచి ఒక కట్టడి చేశాడు. చౌడప్ప చెడ్డవాడు కాడు. తన ఇంట్లో ఉన్న జొన్నలు ముందే ఊరికి పంచినవాడు. కానీ ఆయనకు ఒక లెక్క ఉండేది. "అమ్మకు జాలి పుట్టాలంటే మనం ఎండాల. మనం నవ్వతా ఉంటే వాన ఎందుకు పంపుతుంది?" అన్నాడు. వాన పడేదాకా ఊళ్ళో ఎవరూ కూట్లో ఉప్పు వేయకూడదు, తలకు నూనె పెట్టకూడదు, వక్క నమలకూడదు, పాట పాడకూడదు, ఆట ఆడకూడదు. మట్టిగుంటలు పూడ్పించి, మళ్ళీ ఎవరూ తవ్వకుండా వాటిమీద నున్నని బండ ఒకటి దొర్లించి వేయించాడు. అది నింగక్కను ఉద్దేశించి వేయించిందే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఊరు ఒప్పుకొంది. కష్టంలో ఉన్నవారికి ఇంకొంచెం కష్టపడమని చెబితే త్వరగా ఒప్పుకుంటారు. వాన రాలేదు. ఉప్పు మానినా రాలేదు కాబట్టి కొందరు కారం మానారు. అప్పటికీ రాలేదు.

అందరికంటే ఎక్కువగా మానింది దురగమ్మ. నీళ్ళ చెలమ దగ్గర ఆడవాళ్ళు ఆమె వినేటట్టే అనుకొనేవారు: "ఏ కాలు పెట్టి లోపలికొచ్చిందో, ఆ పొద్దుటినుంచి ఆకాశం మూతపడింది." దురగమ్మ కుండ నింపుకొని ఇంటికి వచ్చి, ఆ పూట కూడు మానేసేది. ఊరు ఉప్పు మానితే ఆమె ముద్ద మానింది. రెండు పూటలు ఒక పూటయింది, ఒక పూట గంజి అయింది, గంజి నీళ్ళయింది. ఎవరూ అలా చేయమని చెప్పలేదు. వద్దని చెప్పినది నింగక్క ఒక్కతే.

నింగక్క బతిమాలింది, తిట్టింది, చివరికి మోసం చేసింది. అటకమీద దాచిన ఉప్పు చిటికెడు గంజిలో కలిపి ఇచ్చింది.

"అత్తా, ఇందులో ఉప్పుంది" అంది దురగమ్మ.

"ఉప్పెక్కడిదే? చెమట పడిందేమో."

"చెమట ఇంత రుచిగా ఉండదు."

"రుచి తెలిసింది గదా, తాగు మల్ల."

"వాన పడినాక తాగుతాలే అత్తా."

"వాన పడేదాకా నువ్వుండొద్దా?"

దురగమ్మ గంజి పక్కన పెట్టేసింది. ఆ పూట ఇంటి కుక్క ఉప్పుగంజి తాగింది. నింగక్క ఆ కుక్కను కూడా తిట్టింది.

మరికొన్నాళ్ళకు దురగమ్మ నీళ్ళకు వెళ్ళడం మానింది. ఆ తరువాత గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. పిలిస్తే పలికేది. కానీ పలుకు చాలా దూరంనుంచి వచ్చేది. చింతగింజ బుగ్గన పెట్టి, "ఊరికే చప్పరించు, మింగొద్దులే" అని అత్త అంటే, "అది వేరేవాళ్ళకియ్యి అత్తా, నాకు ఆకలే లేదు" అంది. ఇంటి వాటాలో మిగిలిన చివరి గింజ అది. నింగక్కకు భయం వేసింది ఆ మాటకే. ఆకలి చంపుకోవడం వేరు, ఆకలి చచ్చిపోవడం వేరు. మందలో జబ్బుపడిన గొర్రెకు ఎప్పుడు ఆశ వదులుకోవాలో ఆమెకు తెలుసు. మేత చూపిస్తే తల తిప్పుకొన్న రోజున వదులుకోవాలి.

ఆ మధ్యాహ్నం నింగక్క గుట్టెక్కింది. మొక్కుకోవడానికి కాదు, పోట్లాడటానికి. చౌడప్ప వేయించిన బండమీద అమ్మవారికి ఎదురుగా చతికిలబడి, "నా కోడలిని నీకు ఇస్తామని ఎవరు మొక్కినారు? నువ్వు అడిగినావా? అడిగింటే ఎవరినడిగినావు?" అని నిలదీసింది. నింగక్క చాలాసేపు అరిచింది. అరుపుకు ఓపిక అయిపోయాక ఊరకే కూర్చుంది. అలవాటు చొప్పున వేళ్ళు బండమీద గుండ్రంగా గుంటలు గీస్తున్నాయి. కడుపులో ఏమీ లేదు, చరియ కింద నీడ చల్లగా ఉంది. అలాగే కునుకు పట్టింది.

కలలో ఎదురుగా ఒకామె కూర్చుని ఉంది. తలమీదుగా నల్లకంబళి. ఎడమచేయి నేలకు ఆనించి ఉంది.

"గింజలు తెచ్చినావా?" అంది ఆమె.

"ఏడివి తల్లీ? మగ్గం గింజలు తప్ప ఊళ్ళో గింజలే లేవు."

"అవే తేరాదా? నాతో ఎవరూ ఆడక ఎన్నాళ్ళయిందో. పొద్దున్నే వస్తారు, ఏడుపు మొగాలు పెట్టుకొని నిలబడతారు, పోతారు. మిమ్మల్ని చూసి చూసి నాకు కండ్లు నొస్తాండాయి."

"వాన పంపితే నవ్వుతాము గదా."

"వాన రావాల్సినప్పుడు వస్తుంది. నీ కోడలు నీ ఇంట్లో ఉంది. ఏది ముందు?"

నింగక్క చూస్తుండగా బండమీద గుంటలు పడ్డాయి, గుంటల్లో గింజలు పడ్డాయి. ఇద్దరూ ఆడారు. నింగక్క ఆ ఊళ్ళో ఎవరి చేతిలోనూ అంతగా ఓడలేదు. రెండు గుంటలకు సరిపడా గింజలు మిగిలాయి. ఆమె లేవబోయింది. ఎదుటామె నవ్వింది.

"ఎందుకు లేస్తావు? రెండుండాయి గదా."

"రెండే గదా."

"రెండుంటే ఏం చేయాల?"

"రెండింటితోనే ఆడాల" అంది నింగక్క. అది తాను ఊరందరికీ చెప్పిన నియమమే.

"ఆ మాట నీ కోడలికి చెప్పు. ఇంకొకటి చెప్తా విను. మగ్గం గింజ తినగూడదు, సరే. గుంటలో పడిన గింజ ఎవరిది?"

"ఆడి గెలిచినోళ్ళది."

"అంతే" అని ఆమె కంబళి సర్దుకొంది.

నింగక్క కళ్ళు తెరిచేసరికి ఎండ చరియ అంచుకు వచ్చింది. ఆమె చేయి ఒక గుంటలో ఉంది. నున్నగా ఉండిన బండమీద ఏడూ ఏడూ పద్నాలుగు గుంటలు, అరచేయి పట్టేంత లోతున, ఉలి దెబ్బ ఒక్కటీ లేకుండా పడి ఉన్నాయి.

ఆమె దండం పెట్టిందో లేదో తెలియదు. గుట్ట మాత్రం వయసుకు మించిన వేగంతో దిగింది. సరాసరి ఊరుమ్మడి కొట్టంలోకి వెళ్ళి, బాన మూత తీసి, ఒడి నిండా మగ్గం గింజలు పోసుకొంది. బయటికి వస్తుండగా చౌడప్ప గౌడ ఎదురుపడ్డాడు.

"నింగక్కా! మగ్గం గింజలు అవి!"

"తినను గౌడా. ఆడుకుంటా."

"ఆట కూడా తప్పేనని కట్టడి చేసినాం గదా!"

"రెండు తప్పులూ ఒకేసారి చేస్తాండా. నీకు ఒక పంచాయితీతో సరిపోతుంది" అని ఆమె ఆగకుండా నడిచింది.

ఇంట్లో దురగమ్మ గోడవైపు తిరిగి పడుకొని ఉంది. "లేయ్. అమ్మ ఆటకు పిలిచింది" అంది నింగక్క.

"నాకు పాపం చుట్టుకుంటుంది అత్తా."

"పిలిచినా పోకపోతే ఇంకా ఎక్కువ చుట్టుకుంటుంది."

పిల్ల నిలబడలేకపోయింది. నింగక్క ఆమెను కంబళిలో చుట్టి, నడవలేని గొర్రెపిల్లను మోసినట్టు వీపున వేసుకొని గుట్టెక్కింది. వెనక చౌడప్ప, చౌడప్ప వెనక ఊరు. కొందరు నింగక్కకు పిచ్చి పట్టిందన్నారు. కొందరు, ఎంత పెద్ద తప్పు జరుగుతుందో చూడటానికి వచ్చారు. ఎవరు ఎందుకు వచ్చినా, పైన బండను చూసి అందరూ దాని చుట్టూ చేరారు. చౌడప్ప వంగి ఒక్కో గుంటను తడిమి చూశాడు. "నేనే వేయించినా ఈ బండ. నున్నగా ఉండె" అని మాత్రం అన్నాడు. అది ఎవరితో అన్నాడో తెలియదు.

నింగక్క కోడలిని బండ పక్కన కూర్చోబెట్టి, ఆమె వీపు చరియకు ఆనించింది. అమ్మవైపు ఏడు గుంటలు నింపింది. ఇటువైపు రెండే నింపి, మిగిలిన వాటిమీద పుల్లలు పెట్టింది.

"రెండేనా?" అంది దురగమ్మ.

"ఇందాక అమ్మతో నేను ఓడిపోయినా. మన ఇంటికి మిగిలినవి ఇవే. ఆడు. అమ్మ బదులు నేను ఎడమచేత్తో వేస్తా."

దురగమ్మ అమ్మవారికి భయపడి చేయి చాచింది. ఇష్టం లేని ఆట అది. కుడిగుంటలోవి తీయబోయింది. తీయబోతూ ఉంటే వెనకనుంచి ఒక గొంతు ఆగలేక అరిచింది.

"అది కాదు పాపా, ఎడమది తీయి! ఎడమది!"

ఊరంతా వెనక్కి తిరిగింది. అరిచింది చౌడప్ప గౌడ. ఆయన నాలుక కరుచుకొన్నాడు. మీసం కింద ముఖం నల్లబడింది. చిన్నప్పుడు ఆయన అక్కచెల్లెళ్ళతో కూర్చుని ఈ ఆట ఆడేవాడని, బాగా ఆడేవాడని పెద్దవాళ్ళకు అప్పుడు గుర్తుకొచ్చింది. ఎవరో ఒక ముసలామె కిసుక్కున నవ్వింది. ఎన్నాళ్ళ తరువాతో ఆ ఊళ్ళో వినపడిన నవ్వు అది.

దురగమ్మ ఎడమగుంట తీసింది. ఒక్కొక్కటే వేసుకుంటూ అమ్మవైపు గుంటలన్నీ చుట్టి వచ్చింది. చేతిలోని చివరి గింజ గుంటలో పడింది. తరువాతి గుంట ఖాళీ. ఆమె ఖాళీ గుంటను రెండు వేళ్ళతో తుడిచి, అవతలి గుంటలో చేయి పెట్టింది. గుప్పెడు గింజలు. ఆమె పిడికిలి మూసుకొంది.

అమ్మ వంతు వచ్చింది. నింగక్క ఎడమచేత్తో వేస్తూ వేస్తూ, చాటుగా, దురగమ్మ గుంటలోనుంచి ఒక గింజ లాగింది.

"అత్తా! అది నా గుంట!"

"నేను కాదే. ఆడేది అమ్మ."

"అమ్మ ఆడితే మాత్రం? అది నా గుంటే. పెట్టు అక్కడ!"

నింగక్క గింజ పెట్టేసింది. నింగక్క అసలు గెలిచింది ఆ క్షణంలోనే. ఇన్నాళ్ళుగా ఇది నాది అని, ఇది నాకు కావాలని ఒక్క మాట అనని పిల్ల, ఒక్క చింతగింజ కోసం అమ్మవారితో తగవుకు వచ్చింది.

ఆట ముగిసేసరికి దురగమ్మకు నాలుగు గుంటలయ్యాయి. గెలిచిన గింజలు ఒడిలో ఉన్నాయి. నింగక్క మూడు రాళ్ళు పెట్టి నిప్పు చేసి, పగిలిన కుండపెంకు మీద వాటిని వేయించబోయింది. అప్పుడు జనంలో గుసగుస లేచింది. ఆటదాకా సరే, మగ్గం గింజ తినడమా? అందరూ చౌడప్పవైపు చూశారు.

నింగక్క కల సంగతి దాచకుండా చెప్పి, "నువ్వే చెప్పు గౌడా. గుంటలో పడిన గింజ ఎవరిది?" అంది.

చౌడప్ప అమ్మవారిని చూశాడు, బండను చూశాడు, దురగమ్మ మణికట్టును చూశాడు. ఆ మణికట్టుమీది గాజు మోచేతిదాకా జారి ఉంది. ఆయన జొన్నలు పంచినప్పుడు కూడా ఆ మణికట్టు వైపు చూడలేదు.

"ఆడి గెలిచినోళ్ళది" అన్నాడు. కాసేపాగి, "వేయించేటప్పుడు కాస్త ఉప్పునీళ్ళు చిలకరించు" అన్నాడు. ఇంకొంచెం ఆగి, "నాకూ ఏడు గుంటలు నింపండి" అన్నాడు.

గింజలు వేగి, పొట్టు పగిలి, వాసన చరియంతా నిండింది. నింగక్క ఒక గింజ పొట్టు ఊది, కోడలి చేతిలో పెట్టింది. చింతగింజ తొందరగా తినే వస్తువు కాదు. బుగ్గన పెట్టుకోవాలి, అటూ ఇటూ తిప్పుకోవాలి, మెత్తబడ్డాక కొరకాలి. అంతసేపూ ఊరంతా దురగమ్మ దవడవైపే చూస్తూ నిలబడింది. చివరికి ఆమె నమిలింది. మింగింది. అత్తవైపు తిరిగి చెప్పింది.

"ఉప్పు తక్కువైంది అత్తా."

ఎప్పుడూ ఏడవని నింగక్క అప్పుడు కొంగు నోట్లో కుక్కుకొంది. తరువాత ఉప్పు తేవడానికి మనిషిని పంపింది.

ఆ రోజు వాన పడలేదు. ఆ నెలలోనూ పడలేదు. అమ్మవారు ఆ మాట ముందే చెప్పింది కదా. కానీ ఆ రోజునుంచి పల్లె బతికే తీరు మారింది. సాయంత్రమయ్యేసరికి ఊరు గుట్టెక్కేది. మగ్గం గింజలు కాసిని కాసిని గుంటల్లో ఆడి, గెలుచుకొన్నాక, వేయించి, నానబెట్టి, ఉడికించి పంచుకొనేవారు. ఎవరిదీ కడుపు నిండలేదు, ఎవరిదీ పూర్తిగా ఎండలేదు. ఉన్ని లేకపోయినా ఆడవాళ్ళు కదుళ్ళు పట్టుకొని కూర్చుని పాటలు పాడుకొన్నారు. ఎవరి దగ్గరో మిగిలిన ఒక వక్కను నలుగురు కొరుక్కొన్నారు. నూనె ఉన్నవారు లేనివారి తలకు రెండు చుక్కలు అద్దారు. చౌడప్ప గౌడ రోజూ నింగక్క చేతిలో ఓడి, రోజూ గింజలు లెక్క తప్పాయని గొడవ పెట్టుకొనేవాడు. చెలమ దగ్గర దురగమ్మ గురించి మాట్లాడటం మానలేదు, కానీ ఇప్పుడు, "అత్తకు మించింది, ఆటలో కనికరం లేదు" అనేవారు.

వాన రావలసినప్పుడు వచ్చింది. సగానికి తగ్గిన మందతో ఓబన్న తిరిగి వచ్చేసరికి, భార్య పెంకు మీద గింజలు వేయిస్తూ కనిపించింది. కొత్త ఉన్నితో నేసిన మొదటి కంబళిని అమ్మవారికి కప్పారు. ఆ కంబళి చీకిపోలేదు. మగ్గం అలగలేదు. నింగక్క తరువాత అమ్మవారి సేవ దురగమ్మకు వచ్చింది. ఆమె తరువాత ఆమె కోడలికి. ఈ గుడిలో సేవ నేటికీ అత్తనుంచి కోడలికే వస్తుంది.

ఇప్పుడు దర్శనానికి వచ్చే భక్తులు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అమ్మవారికి ఏదైనా మానేస్తానని మొక్కుకోకూడదు. తీపి మానేస్తాం, తాంబూలం మానేస్తాం అని మొక్కినా ఆ మొక్కు అమ్మకు చేరదని ఇక్కడివారు నవ్వుతారు. గింజలు ఇంటినుంచి తెచ్చుకోవచ్చు, అక్కడ ఇచ్చినవీ తీసుకోవచ్చు. అమ్మవైపు ఎప్పుడూ ఏడు గుంటలూ నింపాలి, మనవైపు అంతకంటే తక్కువ. ఆ సంవత్సరం ఇంట్లో మనిషిని పోగొట్టుకొన్నవారు, పంట పోయినవారు, పని పోయినవారు ఒక్క గుంటతోనే కూర్చుంటారు. వారికి పక్కనున్నవారు సాయం చెప్పడం తప్పు కాదు. అందరికంటే గట్టిగా చౌడప్ప వంశంవారే చెబుతారు. అది వారి హక్కు. ఆషాఢంలో మొదటి మంగళవారం జాతర. ఆ రోజు ఊరుమ్మడిగా పాడుకుంటూ గుట్టెక్కి, కొత్త కంబళి కప్పుతారు.

ఆట అయ్యాక గెలిచిన గింజలు పొయ్యి దగ్గర ఇస్తే వేయించి ఆకులో పెట్టి ఇస్తారు. ఒక్కటీ గెలవనివారికి అమ్మ వాటానుంచి ఇస్తారు. ప్రసాదం అక్కడే కూర్చుని తినాలి, మూట కట్టుకొని పోకూడదు. తొందరపడి పండ్లు విరగ్గొట్టుకోవద్దు. బుగ్గన పెట్టుకొని, కింద బీళ్ళమీద మేస్తున్న గొర్రెలను చూస్తూ, నిదానంగా తినాలి.

గుంటలమ్మ వానలు కురిపిస్తుందని, సంపదలు ఇస్తుందని ఇక్కడ ఎవరూ చెప్పరు. ఈ అమ్మను దర్శించినవారికి ఆకలి వేస్తుందని చెబుతారు. ముద్ద సహించనివారు, నిద్ర పట్టనివారు, ఇంట్లో గోడవైపు తిరిగి పడుకొన్నవారు ఉంటే, వీపున మోసుకొనైనా తీసుకు వస్తారు. తిరిగి వెళ్ళేటప్పుడు వారు బస్సు ఎక్కకముందే తినడానికి ఏముందని అడిగారని చెప్పేవారు చాలామంది ఉన్నారు.

ప్రసాదం తింటున్నప్పుడు అర్చకురాలు దగ్గరికి వచ్చి, "ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతుంది. కొత్తవారు మర్యాదకు సరిపోయిందంటారు. అలా అనకూడదు. "తక్కువైందమ్మా" అనాలి. అప్పుడు ఆమె సంతోషించి ఇంకో చిటికెడు వేస్తుంది.